మా యూరప్ ప్రయాణం, పాకాలవాడి బడ్జెట్

యూరప్ పోయొచ్చామని తెలిసినప్పటి నుంచి తిరుపతిలో నన్ను అందరూ అడిగేది ఒక్కటే: "ఎంతయింది?" అంకె చెప్పడం సులువే. ఆ అంకె ఎలా కుదిరిందన్నది మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. నాకు చెప్పాలని ఉన్నది అదే.

మేం నలుగురం. ఇక్కడే ఒకే క్లాసులో ఇంజనీరింగ్ చదివాం. శ్రీకాళహస్తివాడు, చంద్రగిరివాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. నాది తిరుపతిలోనే ఒక చిన్న కంపెనీ. పాకాలవాడు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు, వాళ్ల చెల్లెలి చదువు కూడా వాడే చూసుకుంటున్నాడు. ఒకసారి కొండకు నడిచిపోతూ గాలిగోపురం దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి కూర్చున్నప్పుడు యూరప్ మాట వచ్చింది. ముగ్గురం ఊళ్ల పేర్లు చెబుతూ పోతున్నాం. పాకాలవాడు కాసేపు విని, "రేయ్, నా దగ్గర ఇంతే ఉండాది. దీంట్లో అయితే వస్తా, లేకుంటే మీరు పోయి రాండి" అని ఒక మొత్తం చెప్పాడు.

"మిగతాది మేం వేస్తాం లేరా, తర్వాత ఇద్దువులే" అన్నాడు శ్రీకాళహస్తివాడు. మంచి మనసుతోనే అన్నాడు. పాకాలవాడు ఒప్పుకోలేదు, నాకూ వాడు చేసింది సరైన పనే అనిపించింది. "తర్వాత ఇద్దువులే" అన్న మాట మీద నడిచే ప్రయాణంలో, తీసుకున్నవాడు హోటల్లో కూర్చున్న ప్రతిసారీ ముందు ధర చూస్తాడు. ఇచ్చినవాడు ప్రతిసారీ "పర్లేదు రా" అనాల్సి వస్తుంది. నాలుగు రోజులకు ఇద్దరికీ మాటలు తగ్గిపోతాయి. స్నేహితులు అలా దూరం కావడం నేను చూశాను. అందుకే వాడు చెప్పిన మొత్తమే నలుగురికీ హద్దు అనుకుని, మెట్లు దిగే లోపు తేల్చేసుకున్నాం.

ఆ హద్దుతో పారిస్, స్విట్జర్లాండ్ వాటంతటవే పక్కకు పోయాయి. మిగిలినవి చెక్ దేశంలోని ప్రాగ్, ఆస్ట్రియాలోని వియన్నా, హంగరీలోని బుడాపెస్ట్. మూడూ దగ్గర దగ్గర ఊళ్లు: ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు రెండున్నర గంటలు దాటుతుంది. ముందుగా కొంటే టికెట్లు చాలా చవక, రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతాయి. రాత్రి బస్సులో పోతే ఒక రాత్రి అద్దె మిగులుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. నా మట్టుకు అది లాభం కాదు. నిద్రలేని కళ్లతో మర్నాటి ఊరంతా పోతుంది.

మూడు దేశాలూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) పరిధిలోవే కాబట్టి ఒకే వీసా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఉండేది ఏ దేశంలోనో ఆ దేశానికే అప్లై చేయాలి. మాకు అది ఆస్ట్రియా. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా అది తిరిగిరాదు. కనీసం 30,000 యూరోలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. మేం పొద్దున్నే బస్సెక్కి చెన్నై వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. పాకాలవాడి కాగితాల గురించే అందరం టెన్షన్ పడ్డాం. స్కూలు ఇచ్చిన సెలవు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఊళ్లో పొలం కాగితాలు అన్నీ పెట్టాడు. వీసా వచ్చిన రోజు మాలో ఎక్కువ సంతోషపడింది శ్రీకాళహస్తివాడే.

అక్కడ డబ్బు పాకాలవాడి చేతిలోనే ఉండేది. రోజూ పొద్దున నలుగురం సమానంగా ఉమ్మడి పర్సులో వేసేవాళ్లం. మంచం, రైలు, తిండి దాంట్లోంచే. వేరే ఏదైనా కావాలంటే ఎవరి జేబులోంచి వాళ్లు. రాత్రి హాస్టల్లో (ప్రయాణికులకు మంచాల లెక్కన అద్దెకిచ్చే బస) బంక్ బెడ్ మీద కూర్చుని వాడు నోటుబుక్కులో లెక్క రాసేవాడు. చెక్ దేశంలో కొరునాలు, హంగరీలో ఫోరింట్లు కాబట్టి ఆ లెక్కకు ఓపిక కావాలి. ఒక విషయం గుర్తుపెట్టుకోండి: కార్డు మెషీన్, ఏటీఎం రూపాయల్లో కట్ చేయాలా, అక్కడి కరెన్సీలోనా అని అడుగుతాయి. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు మన నెత్తిన పడుతుంది.

తిండి దగ్గర అన్నిటికంటే ఎక్కువ మిగిలింది. హాస్టల్ వంటగదిలో అన్నం వండుకుని, ఇంటి నుంచి తెచ్చిన పప్పుల పొడి, చింతకాయ ఊరగాయ కలుపుకునేవాళ్లం. దారిలోకి నిప్పట్లు. పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి తీసుకుపోకూడదు, అందుకే మా అమ్మ కట్టిన నెయ్యి సీసా ఇంట్లోనే ఉండిపోయింది. వంటగదిలో పొగ తగిలితే మోగే అలారం ఉంటుంది, ఎండుమిరపకాయల తాళింపు జోలికి పోకండి. వియన్నాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో మాత్రం తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పెరుగు, రొట్టె కొనిపెట్టుకోవాలి. నీళ్లు మాత్రం కొనకండి. 1873 నుంచి ఆ ఊరికి ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు పైపుల్లో దిగివస్తున్నాయి. కుళాయి కింద సీసా పట్టుకుని చంద్రగిరివాడు తిరుపతికి నీళ్లిచ్చే కల్యాణి డ్యాం గురించి, ఎండాకాలంలో మన ట్యాంకర్ల గురించి చాలాసేపు మాట్లాడాడు. వాడికి అది నిజంగా బాధ.

వియన్నా స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు ఉంటాయి, 20 యూరోల లోపే. పాటలతోనే సాగే నాటకాలు ఆడే హాలు అది, 1869లో తెరిచారు. యుద్ధంలో, 1945లో బాంబు పడి కాలిపోతే మళ్లీ కట్టుకుని 1955లో తెరిచారు. లోపలికి వెళ్లగానే ముందున్న కమ్మీకి ఒక స్కార్ఫ్ కట్టేస్తే ఆ చోటు మనది, ఎవరూ ముట్టుకోరు. పాకాలవాడు తన తువ్వాలు కట్టాడు. తిరుపతిలో మహతి ఆడిటోరియానికి కచేరీలకు పోయే అలవాటు వాడిది. భాష రాకపోయినా గాయని గొంతు పైకి లేచినప్పుడల్లా కమ్మీ పట్టుకుని ముందుకు వంగేవాడు. చివరివరకు కదల్లేదు. మా ప్రయాణం మొత్తంలో నాకు ఇష్టమైనది ఆ సాయంత్రమే.

బుడాపెస్ట్‌లో సెచెనీ స్నానాల చెరువులు చూడాలని శ్రీకాళహస్తివాడి కోరిక. 1913లో కట్టిన భవనం, వేడినీటి ఊటలు. ఆ టికెట్టు మా నలుగురి ఒకపూట తిండి ఖర్చుకు మించి ఉంది. వాడు సొంత డబ్బుతో వెళ్లాడు. మేం ముగ్గురం మామూలు టికెట్టుతో 2వ నంబరు ట్రాం ఎక్కి డాన్యూబ్ ఒడ్డున పార్లమెంటు దాకా పోయాం. సాయంత్రం కలిశాక వాడు నీళ్ల వేడి గురించి చెప్పాడు, మేం నది గురించి చెప్పాం. ముందే మాట్లాడుకుని ఉన్నాం కాబట్టి ఎవరి మొహం చిన్నబోలేదు.

నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. రొట్టె, ట్రాం టికెట్టు, లాకర్ తాళంతో సహా రోజువారీ ఖర్చంతా అందులో రాసి ఉంది. పోదామనుకునేవాళ్లు అడగండి, పేజీలన్నీ ఫొటో తీసి పంపిస్తాను. పాకాలవాడి అనుమతి తీసుకున్నాను.