మెడలో ఏడు

మన పూర్వ విద్యార్థుల సమావేశం సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడగ్గానే నేను మెడ ఎముకల గురించే రాస్తానని చెప్పేశాను. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివింది చాలావరకు మర్చిపోయాను గానీ ఆవు మెడలోని ఏడు పూసల్ని ఇప్పటికీ కళ్ళు మూసుకుని వరసగా పేర్చగలను. మా అనాటమీ సార్ నేర్పిన తీరు అలాంటిది. పుస్తకం తెరవకముందే ట్రేలో ఎముకలు పోసి, చేత్తో తడిమి ఏది ఎన్నోదో చెప్పమనేవారు.

మొదటిది అట్లాస్. మిగతా పూసలకుండే దిమ్మ దీనికి ఉండదు, రెండు పక్కలా వెడల్పాటి రెక్కలుంటాయి. పుర్రె వెనక ఉండే రెండు గుబ్బలు దీని గుంటల్లో కూర్చుంటాయి, మనం ఔనని తలూపేది అక్కడే. రెండోది ఆక్సిస్, దానికి డెన్స్ అనే మేకు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. తిరగలి పైరాయి మేకు చుట్టూ తిరిగినట్టు అట్లాస్ తలతో సహా దాని చుట్టూ తిరుగుతుంది, కాదని తల అడ్డంగా ఊపేది ఇక్కడ. మూడు, నాలుగు, ఐదు అచ్చం ఒకేలా ఉంటాయి, ముందు పెట్టిన ఎముక ఏదో గుర్తుపట్టి చెప్పాల్సిన స్పాటర్స్ పరీక్షలో అందరికీ టెన్షన్ పెట్టినవి అవే. ఆరోది చేతికొస్తే ప్రాణం లేచొచ్చేది, ఎందుకంటే దాని పక్క కొమ్ముల నుంచి కిందికి మందపాటి పలక దిగి ఉంటుంది, వేలికి తగిలిందంటే ఇంక చూడక్కర్లేదు. ఏడోదానికి పైకి పొడుచుకొచ్చే ముల్లు పొడుగు, వెనకవైపు మొదటి పక్కటెముక ఆనే గుంట ఉంటుంది, వెర్టిబ్రల్ ధమని వెళ్ళే పక్క రంధ్రం మాత్రం ఆవులో ఉండదు. మనిషి ఏడో పూసకి ఆ రంధ్రం ఉన్నా ధమని మామూలుగా అందులోంచి పోదు, ఆరోదాంట్లోంచి పైకెక్కుతుంది. తల వంచి చొక్కా కాలర్ దగ్గర తడిమి చూసుకోండి, గట్టిగా తగిలే గుబ్బ సాధారణంగా ఆ ఏడోదాని ముల్లే.

ఎలుకకీ ఏడే, ఏనుగుకీ ఏడే, నెహ్రూ జూలో మనం చూసిన జిరాఫీకీ ఏడే అని సార్ చెప్పినప్పుడు క్లాసులో సగం మంది నమ్మలేదు. జిరాఫీలో ఒక్కో పూస పాతిక సెంటీమీటర్లు దాటుతుంది, అంతే తేడా. రైట్ వేల్ అనే తిమింగలంలో ఏడూ అతుక్కుపోయి ఒకే ముద్దయినా లెక్క ఏడే. కోడికి 14, హంసకి ఇరవై పైన ఉంటాయి, పక్షుల్లో జాతిని బట్టి మారుతుంది. క్షీరదాల్లో ఈ ఏడు లెక్క తప్పించుకున్నవి నీళ్ళలో బతికే మానటీ (6), చెట్లకి వేలాడుతూ బతికే స్లోత్‌లు మాత్రమే. మూడు వేళ్ళ స్లోత్‌కి సాధారణంగా 9 ఉంటాయి. ఎందుకిలా అన్నదానికి 1999లో డచ్ శాస్త్రవేత్త ఫ్రీట్సన్ గాలిస్ ఇచ్చిన వివరణ నాకు బాగా నచ్చింది. పూసల లెక్కని నిర్ణయించే హాక్స్ జన్యువులు పిండంలో ఇంకా చాలా పనులు చూసుకుంటాయి, వాటిలో మార్పొస్తే మెడ ఒక్కటే మారి ఊరుకోదు, చిన్నతనంలోనే క్యాన్సర్ల లాంటివీ దాంతోపాటు రావచ్చు, అందుకే అలాంటివి బతికి తరం సాగడం అరుదు అంటారావిడ. మందకొడిగా బతికే స్లోత్‌లకి ఆ ముప్పు తక్కువట.

ఇదంతా ఉద్యోగంలో ఎక్కడ పనికొచ్చిందని ఒక జూనియర్ అడిగాడు. ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర, అని చెప్పాను. దూడ ముందు కాళ్ళు రెండూ బయటికొచ్చి ఉంటాయి, తల రాదు, లోపలే పక్కకి తిరిగిపోయి ఉంటుంది. అర్ధరాత్రి కొట్టంలో టార్చిలైటు ఎవరు ఎంత బాగా పట్టినా లోపలేం కనిపించదు. భుజం దాకా చెయ్యి పెట్టి, మెడ ఎటు వంగిందో పూసల వెంబడి తడుముకుంటూ వెళ్ళాలి. ఒకచోట వెడల్పాటి అంచు తగులుతుంది, అట్లాస్ రెక్క. అక్కడికి వచ్చామంటే చెవి, కన్ను, దవడ ఎక్కడున్నాయో చేతికి తెలిసిపోతుంది. దూడని కాస్త వెనక్కి నెట్టి, నోటి మూలలో వేలు తగిలించి తల తిప్పుకుంటూ రావాలి. తల దారిలో పడ్డాక లాగితే వచ్చేస్తుంది, రైతు ఇంట్లోవాళ్ళు అప్పటికి గానీ ఊపిరి పీల్చుకోరు.

ఇప్పటి పిల్లలకి ఫోన్లో త్రీడీ బొమ్మలున్నాయి, అవి మంచివే, నేనూ చూస్తాను. అయినా స్క్రీన్ మీద ఆరో పూస పలక వేలికి తగలదు. ప్రతి విద్యార్థి చేతికీ అసలు ఎముకలు అందాలని నా గట్టి కోరిక. అందుకే అడుగుతున్నాను, సీనియర్ల దగ్గర కొనుక్కున్న బోన్ సెట్లు మీ అటకల మీద ఇంకా ఉంటే సమావేశానికి వచ్చేటప్పుడు తీసుకురండి. మూడు, నాలుగు, ఐదు కలగాపులగం అయిపోయి ఉన్నా ఫర్వాలేదు, అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో ఒక పూట కూర్చుని సర్ది, నంబర్లు వేసి ఇచ్చి వద్దాం.