ఇంటర్నల్ కన్వర్షన్ వదిలేయకండి: నా ప్రిపరేషన్ అనుభవం

ఫిజిక్స్ పరీక్ష రిజల్ట్స్ వచ్చాయి, క్వాలిఫై అయ్యాను. న్యూక్లియర్ ఫిజిక్స్ ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే. షెల్ మోడల్, స్కాటరింగ్, బీటా డికే అందరిలాగే చదివాను, పాత పేపర్లు చేశాను, అందులో కొత్తగా చెప్పేదేం లేదు. నాకు కలిసొచ్చింది చాలామంది చివర్లో చూద్దాంలే అని పక్కన పెట్టే టాపిక్, ఇంటర్నల్ కన్వర్షన్ కోఎఫిషెంట్ (న్యూక్లియస్ తన అదనపు ఎనర్జీని గామా కిరణంగా వదలకుండా తన ఆటమ్‌లోని ఎలక్ట్రాన్‌కి ఇచ్చి బయటికి పంపేయడం ఇంటర్నల్ కన్వర్షన్, అది గామాలతో పోలిస్తే ఎంతో చెప్పేది ఈ కోఎఫిషెంట్).

నోట్సుల్లో ఏముంటుంది? కన్వర్షన్ ఎలక్ట్రాన్ల (అంటే అలా బయటపడ్డ ఎలక్ట్రాన్ల) సంఖ్యను గామాల సంఖ్యతో భాగిస్తే ఆల్ఫా, అదే ఈ కోఎఫిషెంట్. అటామిక్ నంబర్, మల్టీపోల్ ఆర్డర్ (ట్రాన్సిషన్ మోసుకెళ్లే యాంగ్యులర్ మొమెంటమ్) పెరిగితే పెరుగుతుంది, ఎనర్జీ పెరిగితే తగ్గుతుంది. ఇది బట్టీ పడితే పరీక్ష హాల్లో ఏది పెరిగేదో ఏది తగ్గేదో తారుమారైపోతుంది. అసలు దీన్ని ల్యాబులో ఎలా కొలుస్తారు అన్న వైపు నుంచి మొదలుపెట్టాక నాకు మొత్తం విడిపోయింది.

సీజియం-137 తీసుకోండి. అది బీటా డికేతో బేరియం అవుతుంది. 100 డికేల్లో 94.4 బేరియంలోని 662 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్) లెవెల్‌కి వెళ్తాయి, బయటికొచ్చే గామాలు మాత్రం 85.1. మరి ఆ 9.3 ఎటు పోయాయి? అక్కడ గామా పుట్టనే లేదు, న్యూక్లియస్ తన ఎనర్జీని నేరుగా ఆర్బిటల్ ఎలక్ట్రాన్‌కే ఇచ్చేసింది (గామా ముందు పుట్టి తర్వాత ఎలక్ట్రాన్‌ని కొట్టడం కాదు, ఇంటర్వ్యూల్లో పట్టుకునేది ఇక్కడే). 9.3ని 85.1తో భాగిస్తే 0.109. టేబుల్లో టోటల్ ఆల్ఫా 0.11. ఆ లెక్క కుదిరిన రోజు నాకు పరీక్ష పాసైనంత సంతోషమేసింది, నిజంగా.

ఇక మిగతావి దానంతట అవే వచ్చాయి. బయటికొచ్చే ఎలక్ట్రాన్ ఎనర్జీ అంటే 662 లోంచి దాని బైండింగ్ ఎనర్జీ తీసేయడమే. బేరియం కె షెల్ (అన్నిటికన్నా లోపలి షెల్) బైండింగ్ 37.4 కేఈవీ, కాబట్టి కె ఎలక్ట్రాన్ లైన్ 624 దగ్గర, దాని తర్వాతి ఎల్ షెల్ లైన్ 656 దగ్గర. ప్రధాన బీటా బ్రాంచ్ ఎలక్ట్రాన్ల ఎనర్జీ 514తోనే ఆగిపోతుంది కాబట్టి ఈ లైన్లు దాదాపు ఖాళీ జాగాలో నిలబడి కనిపిస్తాయి. సోర్స్ మాత్రం పల్చగా ఉండాలి, లేకపోతే ఎలక్ట్రాన్లు అందులోనే ఎనర్జీ పోగొట్టుకుని పీక్ ఎడమవైపు సాగిపోతుంది. ఎలక్ట్రాన్ డిటెక్టర్ లేకపోయినా దారుంది: సోడియం అయొడైడ్ స్పెక్ట్రంలో 32 కేఈవీ దగ్గర కనిపించే చిన్న పీక్ బేరియం కె ఎక్స్‌రేనే, కె ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన ఖాళీ నిండినప్పుడు వచ్చేది. దాని కౌంట్‌ని, గామా కౌంట్‌ని డిటెక్టర్ ఎఫిషియెన్సీలతో సరిచేసి, ఫ్లోరసెన్స్ యీల్డ్ (అలాంటి ఖాళీల్లో ఎన్ని ఎక్స్‌రే ఇస్తాయో ఆ భాగం) సుమారు 0.9 పెట్టుకుంటే ఆల్ఫా-కె, అంటే కె షెల్ ఒక్కదాని ఆల్ఫా, 0.09 చుట్టూ వస్తుంది.

ఇంటర్వ్యూలో ఆల్ఫా ఒకటి దాటుతుందా అని అడిగారు. ఇది నిష్పత్తి, ప్రాబబిలిటీ కాదు, ఐరన్-57లో 14.4 కేఈవీకి ఎనిమిదిన్నర ఉంటుంది అన్నాను. ఈ0 ట్రాన్సిషన్ (స్పిన్ సున్నా లెవెల్ నుంచి స్పిన్ సున్నా లెవెల్‌కే దిగడం) సంగతో అన్నారు. సింగిల్ గామా రానే రాదు, భాగించడానికి కింద సున్నాయే అన్నాను, బోర్డులో ఒకరు నవ్వారు.

ఒకటి రెండు మార్కుల దానికి ఇంత టైమా అని నన్ను అన్నవాళ్లున్నారు. అననివ్వండి. రోజుకో కొత్త పీడీఎఫ్ దించుకునేవాళ్లకి అది టైమ్ వేస్టే, కూర్చుని ఒక్క డికే స్కీమ్ చివరిదాకా తేల్చే ఓపికే లేనప్పుడు ఎన్ని మాక్ టెస్టులు రాసి ఏం లాభం? సరే, కోపమొద్దు, ఒకటి చేసి చూడండి. బిస్మత్-207 నుంచి వచ్చే 570, 1064 లైన్లకి కె ఎలక్ట్రాన్ ఎనర్జీలు కట్టండి. 482, 976 రావాలి. రాలేదంటే మీరు తీసేసింది లెడ్ బైండింగ్ కాదు, బిస్మత్‌ది; డికే అయ్యాక అది లెడ్, ఎలక్ట్రాన్ వచ్చేది ఆ లెడ్ ఆటమ్ నుంచే.