పదహారా, పద్దెనిమిదా? నాలుగు నిమిషాల జపాన్ మూకీకి సంగీతం కట్టిన నా అనుభవం

నిన్న రాత్రి ప్రదర్శన నిర్వాహకులకు సంగీతం చివరి ఫైలు పంపేశాను. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారేలోపే రాసేస్తున్నాను.

సినిమా ‘నమకుర గతన’, అంటే మొండి కత్తి. కోఉచి జునిచి 1917లో తీసిన యానిమేషన్. పోయిందనుకున్నది ఒసాకాలో పాతసామాన్ల అంగట్లో దొరికితే 2008లో మళ్లీ ప్రదర్శించారు. ఓ వెర్రిబాగుల సమురాయ్ కత్తి కొని, పదును చూద్దామని దారినపోయేవాళ్ల మీదికెళ్లి తనే భంగపడతాడు.

అనుమతి సంగతి ఒక్క మాటలో: సినిమా హక్కు వేరు, దాని డిజిటల్ కాపీ వాడుకునే షరతులు వేరు. రెండూ విడిగా రాయించుకోండి.

బాణీ కూడా కష్టం కాలేదు. షామిసెన్ అంటే చర్మం బిగించిన జపాన్ మూడు తీగల వాద్యం. దాని పాటల్లో తరచూ వినిపించే మియాకొ-బుషి అనే వరస స్వరాలు స రి1 మ1 ప ద1. మన ‘కర్ణాటక శుద్ధసావేరి’ రాగమే! అక్కడే ప్రమాదం. అలవాటున చెయ్యి రిషభాన్ని ఊపిందా, ఎడో (పాత టోక్యో) వీధి కాస్తా త్యాగరాజ ఆరాధన అయిపోతుంది. స్వరాన్ని నిటారుగా పట్టుకోవాలి. షామిసెన్ లావు తీగ ‘సవరి’ అనే రొదతో మోగుతుంది, తంబూరా తీగ కింద దారం పెడితే వచ్చే జీవాళిలాగా. అది కావాలని పెట్టిన రొద. లోపం అనుకుని శుభ్రం చేసేసే ఇంజనీర్లున్నారు, పక్కనే కూర్చోండి. వయొలిన్ ఎందుకు చేర్చావని అడిగారు. మూకీల కాలంలో జపాన్ థియేటర్లలో దేశీ, పాశ్చాత్య వాద్యాలు కలిపే వాయించేవారు. పక్కన నిలబడి కథ చెప్పే బెన్షి ఉంటే మాత్రం అతని గొంతు పలికే స్థాయిలో షకుహచి (వెదురు వేణువు) ఊదించొద్దు.

ఇక నా పరువు తీసిన సంగతి: వేగం.

మూకీలకు ఒకే ప్రామాణిక వేగం లేదు. నాకు పంపిన కాపీ సెకనుకు 16 ఫ్రేములది. లెక్కకు నాలుగు నిమిషాలనుకోండి, 3,840 ఫ్రేములు. నిమిషానికి 96 బీట్లు పెట్టుకున్నాను, బీటుకు సరిగ్గా 10 ఫ్రేములు. రికార్డింగ్ అయ్యింది. రిహార్సల్లో వేసిన కాపీ 18ది! బొమ్మ 3 నిమిషాల 33 సెకన్లకే అయిపోయింది. తర్వాత దాదాపు 27 సెకన్లు ఖాళీ తెర మీద నా సంగీతం మోగుతూనే ఉంది. పెళ్లివారు వెళ్లిపోయాక మేళం. హాల్లో అందరూ నా వైపే చూశారు. కాపీ మార్చిన నిర్వాహకుల మనిషి అన్న మాట: ‘కొంచెం స్పీడు పెంచండి, సరిపోతుంది.’

సరిపోదండీ. 16 నుంచి 18 అంటే 9/8 నిష్పత్తి. టేపు తిప్పినట్టు వేగం పెంచితే షడ్జం వెళ్లి చతుశ్రుతి రిషభం మీద కూర్చుంటుంది. శ్రుతి కదలకుండా సాఫ్ట్‌వేర్‌తో కుదిస్తే, షామిసెన్ చర్మం మీద బచి (మీటే పలక) కొట్టిన ఆ ‘టప్’ నానిన అప్పడంలా మెత్తబడుతుంది. మళ్లీ వాయించడం తప్ప దారి లేదు.

కాబట్టి కాపీ రాగానే, ఒక్క స్వరం రాయకముందే వేగం తేల్చుకోండి. 24 ఫ్రేముల వీడియోను ఒక్కో ఫ్రేమూ జరిపి చూడండి. మూడింటికోసారి ఫ్రేము పునరావృతమైతే అసలు 16, నాలుగింటికోసారి అయితే 18. బొమ్మను చూసి లెక్కపెడితే మోసపోతారు. యానిమేషన్లో ఒకే భంగిమను రెండు మూడు ఫ్రేములు తీయడం మామూలే. గీతలు, దుమ్ము, ఫిల్మ్ రేణువులు చూడాలి. అవి కూడా అచ్చం అలాగే ఉంటేనే అది వీడియో చేసిన నకలు.

స్కోరు మీద బీటుకు ఎన్ని ఫ్రేములో రాసుకోండి. 10 ఫ్రేములంటే 16లో 96 బీట్లు, 18లో 108. అంకె మార్చినా వేళ్లు మారాలిగా: ఒక బీటు విరామం 0.62 సెకను నుంచి 0.56కి తగ్గింది, గాలిదెబ్బతో మొదలయ్యే షకుహచి స్వరాలకు ఆయాసం వచ్చింది. మూడు చోట్ల పదబంధం కత్తిరించి వయొలిన్‌కి ఇచ్చాను. నిజం చెప్పాలంటే ఇప్పుడే బాగుంది, కానీ ఆ మనిషికి చెప్పను.

కత్తి దెబ్బలకు కబుకిలో పలక మీద కర్రలు కొట్టే ‘త్సుకె’ వాడాను. దాన్ని చెవిలో మోగే తాళపు క్లిక్‌కి కట్టేయకుండా, దెబ్బకు రెండు సెకన్ల ముందు నుంచి తెర మీద జరిగే గీత పెడితే చెయ్యి సరిగ్గా పడుతుంది. ఇంకో చిన్న చిక్కు ఉంది: పైన సెకనుకు 24 ఫ్రేములని రాసి లోపల 23.976 ఉన్న ఫైలు. నాలుగు నిమిషాలకు 0.24 సెకను, దాదాపు ఆరు ఫ్రేములు. కత్తి తగలకముందే చప్పుడొచ్చేస్తుంది.

ఈసారి నాణ్యత తగ్గని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, మొదటి ఫ్రేముకు రెండు సెకన్ల ముందు ఒక బీప్, ఫైలు పేరులోనే ‘18 ఫ్రేములు’ అని పెట్టి పంపాను. పొద్దున జవాబొచ్చింది: ‘ఎమ్‌పీ3 ఉందా?’