అడగడం కూడా నేర్పాల్సిందే

ఈ వారం ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) పిల్లలకు ఆత్మహత్యల నివారణ గురించి పాఠం చెప్పాను. సిలబస్‌లో దీనికి దక్కే చోటు తక్కువే. ఫీల్డ్‌వర్క్‌కి వెళ్తే మాత్రం అప్పులపాలైన కౌలురైతో, ఇంటర్ తప్పిన పిల్లాడో ఎదురుపడుతూనే ఉంటారు.

ఎక్కువసేపు ఒక్క ప్రశ్న మీదే ఉన్నాం: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" జంటలుగా కూర్చుని అడగమంటే చాలామందికి గొంతు పెగల్లేదు. "అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమో మేడమ్" అంది ఒకమ్మాయి. పుట్టించం. పరిశోధనలు చెబుతున్నదీ అదే. నింద లేకుండా సూటిగా అడిగితే ఎంతోమందికి గుండె బరువు దిగుతుంది. అసలు పని ఆ తర్వాతే. ఈ రాత్రి తోడెవరుంటారు, ఇంట్లో పురుగుమందు ఎవరి దగ్గర తాళం వేసి ఉంచాలి, రేపు ఎవరు పలకరిస్తారు, ఇవన్నీ అక్కడే కూర్చుని ఆ మనిషితో కలిసి తేల్చుకోవాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ కూడా చదివించాను. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఇది తెలియక, పోలీసు కేసవుతుందన్న భయంతో ఇప్పటికీ డాక్టరు దగ్గర నిజం దాచే కుటుంబాలున్నాయి. నాకు చాలా బాధ కలిగించే విషయమిది.

క్లాసులోనే ఇలా ఒకరిని పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. అందుకే ఎప్పుడైనా లేచి బయటికి వెళ్లొచ్చని ముందే చెప్పాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అందరి ఫోన్లలో సేవ్ చేయించాను. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది చదువుతున్న మీరూ సేవ్ చేసుకోండి.