32 గ్రాముల గొలుసు

మొన్న ఆదివారం అమ్మను గాంధీ రోడ్డులో ఒక నగల అంగడికి పిలుచుకుపోయాను. రెండేళ్లు కట్టిన చీటీ పాడుకున్నాను, ఆ డబ్బుతో అమ్మకు గొలుసు కొనాలని. అంగడి అబ్బాయి "ఎన్ని గ్రాముల్లో చూపించమంటారమ్మా?" అన్నాడు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముప్పై రెండు" అంది.

నాకు గొంతు పట్టేసింది. ముప్పై రెండంటే నాలుగు సవర్లు. అమ్మ పెళ్లికి మా అవ్వ పెట్టిన గొలుసు బరువు అది. 2010 సంక్రాంతికి వారం ముందు కుప్పంలో ఒక కుదవ అంగడిలో అది మునిగిపోయింది. ఇన్నేళ్లయినా అమ్మ ఆ లెక్క మర్చిపోలేదు.

అప్పట్లో మా నాయన కుప్పం దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ పని చేసేవాడు. కుప్పం గ్రీన్ రాయికి మంచి గిరాకీ. పలకలన్నీ కంటైనర్లలో చెన్నై హార్బర్‌కు పోయేవి, అక్కడి నుంచి అమెరికాకు, వాళ్ల వంటింటి గట్లకు. నునుపు తేలిందో లేదో నాయన మిషన్‌ను నమ్మేవాడు కాదు. అరచేత్తో తడిమి, లైటు కింద ఏటవాలుగా వంగి, తన ముఖం రాతిలో తేటగా కనపడితేనే పలకను పక్కకు పెట్టించేవాడు. ఇంటికొచ్చి ఎంత రుద్ది కడిగినా గోళ్ల చుట్టూ రాతి బురద తెల్లగా ఉండిపోయేది. ఆ చేతులతోనే సంగటి ముద్ద చేసి మా చెల్లెలి నోట్లో పెట్టేవాడు.

2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. అక్కడి బ్యాంకుల వాళ్లు కట్టలేని వాళ్లకు కూడా ఇళ్ల అప్పులిచ్చి, ఆ అప్పులను మూటలు కట్టి అమ్ముకుని, కమిషన్లు తిన్నారు. అప్పులు మునిగాయి, ఇళ్లు కట్టడం ఆగిపోయింది. ఇళ్లు కట్టకపోతే వంటింటి గట్టు ఎవరికి కావాలి? దీపావళి దాటేసరికి ఫ్యాక్టరీలో కంటైనర్ ఎత్తిన రోజు లేదు.

డిసెంబర్లో ఓనరు అందరినీ పిలిచి "అమెరికాలో దెబ్బ తగిలింది, నేనేం చేసేది, రేపటి నుంచి రావద్దు" అన్నాడట. అప్పటికే ఐదు వారాల కూలి బాకీ. రోజుకు 180, వారానికి ఆరు రోజులు, మొత్తం 5,400 రూపాయలు. అంతకు ముందు మూడేళ్లు వారానికి మూడు కంటైనర్లు పోయినప్పుడు లాభం ఎంతొచ్చిందో ఏ కూలివాడికీ చెప్పలేదు. నష్టం వచ్చిన రోజు మాత్రం అందరికీ సమానంగా చెప్పాడు. బాకీ కోసం నాయన పదిసార్లు తిరిగాడు. కాగితం ఏముంది నీ దగ్గర అన్నారు. కూలి పనికి కాగితం ఎవరు రాసిస్తారు?

ఆ నెలే గొలుసు కుదవ పెట్టాం. 20,000 అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు ఆరు వందలు. దానికి మాత్రం కాగితం ఉంది. నాయన తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరుకు పోయి సిమెంటు పనులు చేసి ఏడు నెలలు వడ్డీ కట్టాడు. తర్వాత చెల్లెలికి టైఫాయిడ్, వడ్డీ ఆగిపోయింది. గడువు దాటింది. మీరే లెక్క వేసుకోండి. ఆ 5,400 చేతికొచ్చి ఉంటే ఇంకో తొమ్మిది నెలల వడ్డీ.

తిరుపతిలో బీకాం చదివేటప్పుడు లైబ్రరీలో ఒక సంగతి చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. ఏఐజీ అనే ఇన్సూరెన్స్ కంపెనీ ఇలాంటి అప్పుల మూటలకే హామీలు అమ్మి మునిగితే, అమెరికా ప్రభుత్వం 2008 సెప్టెంబర్ 16న 8,500 కోట్ల డాలర్లు అప్పిచ్చి నిలబెట్టింది. కొన్ని నెలలకే, 2009 మార్చిలో, దాన్ని ముంచిన విభాగం వాళ్లకే 16.5 కోట్ల డాలర్ల బోనస్ పంచారు. ఎందుకంటే ముందే ఒప్పందం ఉందట. ఒప్పందాలు ఉన్నాయి, ప్రభుత్వం వాటిని ఊరికే కొట్టేయలేదు అని ఒబామా సలహాదారు లారీ సమ్మర్స్ కూడా చెప్పాడు. జనం తిట్టాక కొందరు వెనక్కి ఇచ్చారు. కంపెనీకి పెట్టిన సొమ్ము తర్వాత లాభంతో సహా ప్రభుత్వానికి తిరిగి వచ్చింది కూడా. వచ్చింది, కాదనను. మా నాయనకు రావలసింది మాత్రం ఈరోజుకీ రాలేదు.

నాకు మండేది ఇక్కడే. కంపెనీని ముంచినవాడికి ఒప్పందం కాగితం అడ్డు నిలబడింది. మాకున్న ఒకే ఒక్క కాగితం మా మెడలోది లాక్కుపోయింది. పలకలో తన ముఖం కనపడేదాకా పని వదలని మనిషి ఏం తప్పు చేశాడని? దీన్ని తలరాత అనుకోమంటారు పెద్దవాళ్లు. నేను అనుకోను. ఇది మనుషులు రాసిన రాత. ఎవరికి ఏ కాగితం ఉండాలో వాళ్లే తేల్చుకున్నారు.

పది గ్రాములు లక్ష దాటిపోయిన రోజులివి. నా చీటీ డబ్బుకు 14 గ్రాములే వచ్చింది. అమ్మ ఆ గొలుసును అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎత్తి చూసుకుంది. బాగుంది అంది. ఆటో లీలామహల్ సర్కిల్ దాటుతుండగా నా చెయ్యి పట్టుకుని చెప్పింది, "ఇంటికి పోయినాక మీ నాయన బరువు అడుగుతాడు. చెప్పొద్దు పాపా."