నార్త్ బెరిక్‌లో శని, ఆదివారాలు

స్కాట్లాండ్‌లోని ఈ తీరపట్టణానికి ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్ నుంచి రైలెక్కితే అరగంట పైచిలుకు ప్రయాణం. బాస్ రాక్ దీవిని చూపించే పడవ టికెట్ శనివారానికే తీసుకోండి. అలలు పెద్దవై పడవ రద్దయినా ఆదివారం చేతిలో ఉంటుంది. గానెట్ అనే తెల్లని సముద్రపక్షులకు ప్రపంచంలోని అతిపెద్ద స్థావరాల్లో ఒకటి ఈ బాస్ రాక్. జూన్‌లో ఆ రాతిదీవి సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తుంది, రెట్ట వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది. చలికాలం నడుమ వస్తే పక్షులుండవు.

లా కొండ ఎత్తు 187 మీటర్లు. శిఖరం మీది తిమింగలం దవడ అసలుది కాదు, 2008లో నిలిపిన ఫైబర్‌గ్లాస్ నమూనా. వెచ్చని గాలి చల్లని సముద్రం మీదుగా వీచినప్పుడు ‘హార్’ అనే పొగమంచు కమ్ముకుంటుంది. అది విడిచాకే కొండెక్కండి, లేకపోతే పైనుంచి ఏమీ కనబడదు. జులైలోనైనా గాలి ఆపే జాకెట్ తప్పనిసరి.

తూర్పున 5 కిలోమీటర్ల దూరంలో, కొండచరియ అంచున 14వ శతాబ్దపు టాంటలన్ కోట. దానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి.