"ఒకసారి మాట్లాడాలి"

సాయంత్రం ఆరింటికి మేనేజర్ నుంచి ఈ రెండు ముక్కల మెసేజ్ వస్తే, గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో ఆ మనిషి బుర్రలో తిరిగేది అదొక్కటే. తీరా చూస్తే లీవుల లెక్క. "లీవుల లెక్క గురించి పది నిమిషాలు, రేపు 11కి చాలు, కంగారేం లేదు" అని రాస్తే పోయేది.

ఫీడ్‌బ్యాక్ ఎంతిస్తే అంత మంచిదనుకుంటారు గానీ, 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు పాత అధ్యయనాలు కలిపి లెక్కగడితే మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. మాట పని మీంచి మనిషి మీదకి జారితే ఫలితం చెడుతుందన్నది వాళ్ల వివరణ. "నీకు సీరియస్‌నెస్ లేదు" అంటే దిద్దుకోడానికి ఏం దొరుకుతుంది? "మంగళవారం ఫైల్లో మూడో షీట్ టోటల్ తప్పింది, పంపేముందు సరిచూడండి" అంటే చేయాల్సిన పని తెలుస్తుంది. అదీ విడిగా, టీమ్ గ్రూపులో కాదు. (చివర్లో "అండీ" తగిలించినంత మాత్రాన గ్రూపులో తిట్టింది తిట్టు కాకుండా పోదు.)

వన్ ఆన్ వన్, అంటే మేనేజర్, టీమ్‌లో ఒకరు ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం, వారానికి అరగంట చాలు. మొదటి పదిహేను నిమిషాలు ఎదుటివాళ్లవే. టికెట్ల (అప్పగించిన పనుల) స్టేటస్ అడగొద్దు, అది పనుల లెక్క ఉండే జిరా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. వరుసగా రెండుసార్లు క్యాన్సిల్ చేస్తే మూడోసారి "అంతా ఓకే" తప్ప ఇంకేం వినపడదు.

రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా కాల్‌లో కొత్త పని పడిందా? ఎందుకు, ఎప్పటికి, దానికోసం ఏ పాత పని పక్కన పెట్టొచ్చు, ఈ మూడూ టీమ్‌కి అప్పుడే చెప్పాలి. మూడోది మాత్రం చాలామంది మింగేస్తారు.